యజమానిని గుర్తింపని తాళము



తాళపుచెవి సరిపోయి తిరిగినచో తాళము వశమగునని మన పెద్దల నమ్మకము. చెవి తిరిగియు బండి కదలకపోవుట నేను అమెరికాలో నా కుమారుని యింట చూచితిని. ఒక చలికాలపు రాత్రి మనుమరాలికి జ్వరము మిక్కుటమయ్యెను. కుమారుడు తన పాతకారును నడుపబోగా ఇంజను క్షణకాలము మ్రోగి ఆగిపోయెను. ఎదుటనున్న చిన్నదీపము వడివడిగా మినుకుచుండెను. పొరుగువారి బండిలో బిడ్డను వైద్యశాలకు చేర్చితిమి. దైవకృపచే బిడ్డ కోలుకొన్నది. మఱునాడు వచ్చిన మరమ్మతుదారు బండిలోని కంప్యూటరునే మార్చవలెననెను. అందులకు వేయి డాలర్లు కావలెనట! అప్పుడు నేనీ తాళముల చరిత్రమును చదువ మొదలిడితిని.

కార్ల దొంగతనములు పెచ్చుపెరుగగా జనరల్ మోటార్స్ వారు 1986వ సంవత్సరపు కార్వెట్ బండ్లకు క్రొత్త కావలి నమర్చిరి. చెవిమీద విద్యుత్తును నిరోధించు చిన్నబిళ్ల యుండును. ఆ నిరోధమునకు 15 కొలతలు కలవు. బండి కోరిన కొలత కానిచో ఇంజను కొన్ని నిమిషములవఱకు కదలదు. కాని బిళ్లకు మురికి పట్టినను, తాళములోని సన్నతీగె త్రిప్పిత్రిప్పి తెగినను, కావలివాడు యజమానినే దొంగయని తలచెడివాడు.

పిదప తాకిడి యక్కరలేని ఉపాయము వచ్చినది. అమెరికాలో ఫోర్డు వారు 1996వ సంవత్సరపు మస్టాంగ్, టారస్ బండ్లలో కొన్నింటికి దీని నమర్చిరి. చెవితలలో బ్యాటరీ లేని చిప్పు దాగియుండును. తాళము చుట్టునున్న తీగచుట్ట రేడియో తరంగములచే దానికి శక్తి నొసగగా, అది తన రహస్యసంఖ్యను తెలుపును. ఆ సంఖ్య తనకు తెలిసినదైననే కంప్యూటరు ఇంజనును నడువనిచ్చును. ఐరోపా సమాజ దేశములలో 1998 అక్టోబరు నుండి క్రొత్తకార్లకు ఇట్టి కావలి విధి యయ్యెను.

ఈ కావలివాడు మూగవాడు కాడు. ఫోర్డు బండ్లలో పెక్కింట దీపము నిమిషముసేపు వడిగా మినికి, పిమ్మట లెక్కగా మినుకును. ఒకసారి మినికి, ఆగి, మూడుసార్లు మినికినచో 13. అనగా చెవినుండి సంఖ్యయే రాలేదు. 15 అయినచో, సంఖ్య వచ్చినది గాని కంప్యూటరు దాని నెఱుగదు. మొదటిదానికి చెవిని, తీగచుట్టను పరీక్షింపవలెను. రెండవదానికి ఆ చెవిని కంప్యూటరునకు నేర్పిన చాలును.

ఇది చదివి నేను కుమారుని తాళపుచెవుల నడిగి చూచితిని. రెండు కారుచెవులును ఒకే వలయమున నుండెను! రెండు చిప్పులును ఒక్కమాఱే పలుకగా కావలివానికి ఏ పలుకును తెలియలేదు. ఒకదానిని వేఱుచేయగానే బండి కదలినది. కాసు ఖర్చు కాలేదు.

కావున ఇట్టి చిక్కు కలిగినచో, ముందు తక్కిన చెవులను వలయమునుండి తీసి చూడుడు. పిదప రెండవచెవితో ప్రయత్నింపుడు. అటుపై తీగచుట్టను, దాని తీగెలను చూపింపుడు. కంప్యూటరు మాట చిట్టచివరిది. రెండవచెవిని ఇంటిలో వేఱుగా భద్రపరుపుడు. కంప్యూటరెఱిగిన చెవులు రెండున్నచో, పెక్కు ఫోర్డు బండ్లలో మూడవదానిని యజమానియే నేర్పుకొనవచ్చును. ఒక్కటే మిగిలినచో పరుల నాశ్రయింపవలెను. ద్వారపాలకుడు మనల నెఱుగకున్నచో ముందు మన గుర్తును సరిచూచుకొనవలెను గాని, కోటను పడగొట్టరాదు.