రహీం మాస్టారి మైదానం

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. విద్యార్థిదశలో అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడినవారు. వృత్తి ఉపాధ్యాయత్వం. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పిన ఈ మాస్టారే హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, ఆపై భారత జట్టును తీర్చిదిద్దారు. క్రీడాలోకం ఆయనను రహీం సాహెబుగా ఎరుగును.

సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకున్నది. అయితే ఆ కప్పులకన్న, వాటి వెనుకనున్న బోధనాపద్ధతి విలువైనది. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోనే బంతిని తన్నవలెనన్న నియమంతో ఆయన పోటీలు నడిపించారు. బంతిని ఎవరికీ అందించక ఒంటరిగా నడిపించుకుపోరాదన్న నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. బలహీనమైన కాలిని ప్రత్యర్థి త్వరలోనే పసిగట్టగలడు. రాని లెక్కనే మరల మరల చేయించే బడిపంతులు తప్ప ఇట్టి పోటీలను మరెవరు తలపెట్టగలరు?

ఆయనకు పరాభవాలూ లేకపోలేదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1 తేడాతో మనవారిని ఓడించింది. అప్పటికింకా కొందరు వట్టికాళ్లతో ఆడేవారు; ఆ ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో ఆయన శిష్యులు ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, నాలుగవ స్థానం పొందారు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివారే.

1962 నాటి జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేసరికి రహీం సాహెబును క్యాన్సరు పట్టి పీడిస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తరువాత థాయిలాండుతో జరిగిన ఆటలో రక్షణపంక్తికి ఆయువుపట్టయిన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడ్డాయి. అట్టివానిని ఇంటికి పంపలేదు. దాడి చేసే ముందువరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న జరిగిన తుదిపోరులో ప్రేక్షకులు మనవారిని ఎగతాళి చేస్తుండగా, పి.కె. బెనర్జీ మొదటి గోలు, ఆ జర్నైల్ రెండవ గోలు చేశారు. కొరియాపై 2-1తో స్వర్ణం మనదయింది. 1951లో ఢిల్లీలోనూ ఆయన శిక్షణలోనే స్వర్ణం వచ్చియుండెను.

1963 జూన్ 11న రహీం సాహెబు కన్నుమూశారు. 2023 క్రీడల వరకు చూచినా ఆ స్వర్ణం తిరిగి రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో దక్కిన కాంస్యమే ఆఖరి పతకం. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడ హైదరాబాదు వారే.