చిన్న వెబ్‌సైట్లలో డౌన్‌లోడ్ పత్రాలు: చరిత్ర

ఆలయ కమిటీలు, కాలనీ సంక్షేమ సంఘాలు, సాహిత్య సంస్థలు, ప్రవాస తెలుగు సంఘాలు తమ నియమావళిని, సభ్యత్వ దరఖాస్తును, జమాఖర్చులను, పాత సావనీర్లను ఫైళ్లుగా వెబ్‌సైట్‌లో ఉంచుతాయి. కావలసినవారు దించుకుంటారు. ఫైలును ఒకచోట ఉంచి, వచ్చినవారిని తీసుకోనిచ్చే ఈ పద్ధతి వెబ్ కంటే ఇరవై ఏళ్లు పాతది. పత్రాన్ని ప్రతి ఒక్కరికీ పంపాలా, ఒకచోట పెట్టి చిరునామా చెబితే చాలా అన్న ప్రశ్న మొదటినుంచీ ఉంది. దించుకున్నాక అక్షరాలు సరిగా కనిపిస్తాయా అన్నది మరో ప్రశ్న. తెలుగువారిని ఎక్కువ కాలం వేధించింది ఈ రెండోదే.

కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ నియమాల తొలి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో అభయ్ భూషణ్ రాశారు. ఆయన ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అప్పటికి అమెరికాలోని ఎంఐటీలో ఉన్నారు. అదే ఏడాది జూలై 4న ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లో టైపు చేశారు. దాన్ని నెట్‌వర్క్‌లో అందరికీ పంపాలన్నది ఆయన మొదటి ఆలోచన. అలా చేస్తే యంత్రాలు తట్టుకోలేవని తెలిసి, ఫైలు ఎక్కడుందో మాత్రం ప్రకటించారు. ఉచిత ఈ-పుస్తకాల ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ మొదలైంది అక్కడే. నేటి చిన్న సంఘం పేజీలో ఉండే డౌన్‌లోడ్ లంకె చేసే పనీ ఇంతే. తర్వాతి కాలంలో విశ్వవిద్యాలయాలు ఎఫ్‌టీపీ సర్వర్లను అందరికీ తెరిచాయి. ‘అనానిమస్’ అనే పేరుతో లోపలికి వెళ్లి, పాస్‌వర్డ్‌గా తన ఈమెయిలు చిరునామా ఇవ్వడం మర్యాదగా ఉండేది.

1991లో వెబ్ బయటి ప్రపంచానికి అందింది. భారతదేశంలో 1995 ఆగస్టు 15న నాటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించింది. ఫోను తీగ మీద నడిచే ఆ కనెక్షన్ ఎప్పుడు తెగుతుందో తెలియదు, తెగితే దించుకున్నదంతా వృథా. లంకె పక్కన ఫైలు ఎన్ని కిలోబైట్లో రాసే ఆనవాయితీకి ఇలాంటి కనెక్షన్లే బలమిచ్చాయి. ఫైలులో ఆగిపోయిన చోటి నుంచి మిగతా భాగాన్ని అడిగే వీలును 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలో చేర్చారు.

ఇక అక్షరాల సంగతి. వర్డ్‌లో చేసిన తెలుగు పత్రం అదే ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తప్ప చదవడానికి వచ్చేది కాదు. అందుకే చాలా సైట్లు పత్రంతోపాటు ఫాంటును కూడా దించుకోమనేవి. అడోబీ సంస్థ 1993లో తెచ్చిన పీడీఎఫ్ ఈ గొడవను తప్పించింది. ఫాంటును ఫైలులోనే ఇమడ్చవచ్చు కాబట్టి, పేజీ ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపిస్తుంది. మొదట్లో దాన్ని చదివే రీడర్‌ను కూడా కొనుక్కోవాల్సివచ్చింది. ఉచితం చేశాకే అది ఇంటింటికీ చేరింది. 2008లో పీడీఎఫ్ అంతర్జాతీయ ప్రమాణమైంది.

కంటికి తెలుగు కనిపించింది గాని, కంప్యూటర్‌కు కనిపించలేదు. డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్‌తో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కూర్చిన పుస్తకాల్లో తెలుగు రూపాలు ఆంగ్ల అక్షరాల సంకేతాల స్థానంలో కూర్చుని ఉంటాయి. ఆ పీడీఎఫ్ నుంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరేచోట పెడితే అర్థంలేని రోమన్ గుర్తులు వస్తాయి. అందులో పేరు వెతికితే దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఆ అర్థంలేని గుర్తులనే చదువుతుంది. దీనికి విరుగుడు ప్రతి లిపికీ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్. దాని తొలి ప్రమాణంలోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక మామూలు కంప్యూటర్లలో వాడకం సులువైంది. అయినా అచ్చు రంగం పాత ఫాంట్లను తొందరగా వదల్లేదు. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్‌లోనూ ఒత్తులు, గుణింతాలు కాపీ చేసేటప్పుడు చెదిరిపోతుంటాయి. పీడీఎఫ్ ప్రధానంగా దాచుకునేది పేజీ మీది ఆకారాలను, రాసిన క్రమాన్ని కాదు. తెలుగు పత్రాల పంపిణీకి పీడీఎఫ్ చేసిన మేలు ఎంతో, వెతుకులాటకు చేసిన కీడూ అంతే.

ఫైలు పేరు ఇంకో తిరకాసు. తెలుగు సంకేతం ఒక్కోటి, యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, వెబ్ చిరునామాలో తొమ్మిది గుర్తులు. ‘నియమావళి’ అని పేరు పెడితే చిరునామాలో ఆ ఒక్క మాటే 72 గుర్తుల దండకమవుతుంది. చాలా సంఘాలు ఆంగ్ల పేర్లతోనే సరిపెట్టుకోవడం అర్థం చేసుకోదగ్గదే.

ఏ పత్రాలు ఉంచాలన్నదానిపై చట్టాల ప్రభావమూ ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు కొన్ని వివరాలను ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి. దాంతో కార్యాలయాల సైట్లు పీడీఎఫ్‌లతో నిండాయి. వాటిలో ఎన్నో సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మలే. వెల్లడించినట్టూ ఉంటుంది, వెతికితే దొరకనట్టూ ఉంటుంది. చిన్న సంఘాలు ఈ స్కాన్ అలవాటునూ అందిపుచ్చుకున్నాయి. ఫోన్ నంబర్లున్న సభ్యుల జాబితాను, లంకె ఎక్కడా ఇవ్వలేదు కదా అన్న ధీమాతో సర్వర్‌లో వదిలేయడం మరో చెడ్డ అలవాటు. చిరునామా తెలిసిన ఎవరైనా దాన్ని తీసుకోగలరు.

వెబ్‌పేజీలు పెట్టుకోనిచ్చే జియోసిటీస్ వంటి ఉచిత సేవలు డబ్బులేని సంఘాలకు తొలి ఆసరా. 2009లో అమెరికాలో ఆ సేవ మూతపడి, పేజీలతో పాటు పత్రాలూ పోయాయి. 2012లో గూగుల్ డ్రైవ్ వచ్చాక ఫైలు ఒకచోట, లంకె మరోచోట ఉండటం మామూలైంది. అనుమతి సరిగా ఇవ్వని లంకె నొక్కితే పత్రానికి బదులు అనుమతి కోరమనే పేజీ వస్తుంది. 2016లో వాట్సాప్ పీడీఎఫ్‌లు పంపే వీలిచ్చింది. ఆ తర్వాత పంపిణీ సంఘం పేజీ నుంచి గ్రూపులోకి మారింది. హార్ట్ మానుకున్న పద్ధతే ఇది, ప్రతి ఒక్కరికీ ఒక ప్రతి. నియమావళి సవరించాక కూడా పాత ప్రతి ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. సైట్‌లో అయితే అదే చిరునామాలో కొత్త ఫైలు పెడితే చాలు.

అయితే ఒకేచోట ఉంచడమూ క్షేమం కాదని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపించింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా ఈ లైబ్రరీ కోసం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు తెలుగు పుస్తకాలనూ స్కాన్ చేశాయి. ఆ సైట్‌లో పుస్తకాన్ని పేజీ పేజీగా చూడాల్సివచ్చేది. ఔత్సాహికులు పేజీలన్నీ దించి ఒక్క పీడీఎఫ్‌గా కుట్టే ప్రోగ్రాములు రాసుకున్నారు. తర్వాత సైట్ ఆగిపోయింది. అప్పటికే, ప్రజా సమాచారం అందరికీ ఉచితంగా అందాలని పోరాడే కార్ల్ మాలముడ్ చొరవతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరిన ప్రతులే నేడు చాలామంది పాఠకులకు దిక్కు.

ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ చిన్న సైట్లనూ భద్రపరుస్తుంది. దాని ప్రోగ్రామ్ పేజీలోని లంకెలను పట్టుకుని వెళుతుంది. అందువల్ల మూతపడిన సంఘాల సైట్ల నుంచి నేరుగా లంకె ఇచ్చిన పీడీఎఫ్‌లు కొన్ని ఇప్పటికీ దొరుకుతున్నాయి. పేరు, ఈమెయిలు ఇచ్చి ఫారం నింపితేనే దించుకోనిచ్చిన పత్రాలు మాత్రం సాధారణంగా అందులోకి చేరవు.