లాక్‌డౌన్ నాటి మూడు లెక్కలు

2020 మార్చి 24 రాత్రి ప్రధాని టీవీలో 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. పొడిగిస్తూ పోగా అది మే 31 దాకా సాగింది. ఆ రోజుల మాటొస్తే "ఇంటిల్లిపాదీ ఒక్కచోట గడిపాం" అంటాం. గడిపాం, నిజమే. కానీ ఆ ఇరుకులో తరాల మధ్య వచ్చిన గొడవలకి పెద్దల చాదస్తం, పిల్లల పెంకితనం అని పేర్లు పెట్టాం. చాలావాటికి మూలం డబ్బే.

హైదరాబాద్‌లో మా ఇల్లే తీసుకోండి. మామయ్యగారికి పెన్షన్ లేదు. దాచుకున్న పది లక్షలు 2015లో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో వేశారు. అప్పటి వడ్డీ 9.3 శాతం. మూడు నెలలకోసారి 23,250 రూపాయలు వచ్చేవి. ఐదేళ్ళ గడువు సరిగ్గా లాక్‌డౌన్‌లో తీరింది. 2020 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఆ వడ్డీని 7.4 శాతం చేసింది. అదే డబ్బు మళ్ళీ వేస్తే వచ్చేది 18,500. మందుల బిల్లు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

మావారికి జీతం సగమైంది, ఇంటి లోను మిగిలింది. మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలల మారటోరియం ప్రకటించింది, తర్వాత ఆగస్టు 31 దాకా పెంచింది. మావారు ఊపిరి పీల్చుకుంటే, మామయ్యగారు "వాయిదా ఎగ్గొట్టడమేంట్రా, పరువేం కాను?" అన్నారు. అది ఎగ్గొట్టడం కాదు. అలాగని మాఫీ కూడా కాదు, వడ్డీ ఆగదు. 8 శాతం వడ్డీకి 20 లక్షల అప్పుంటే, ఆరు నెలల్లో సుమారు 80 వేలు అసలుకి కలుస్తుంది.

మా అమ్మాయిది పదో తరగతి. పరీక్షలు మధ్యలో ఆగిపోయాయి, జూన్‌లో అందరూ పాసన్నారు. ఇంటర్ క్లాసులు ఫోనులో మొదలయ్యాయి. "తినడానికి వెతుక్కుంటుంటే ఫోనుకి పదివేలా?" అన్నారు తాతయ్య. "ఫోను లేకపోతే నాకు కాలేజీయే లేదు" అని పిల్ల ఏడ్చింది. ఇద్దరిలో ఎవరిది తప్పంటాం?

చివరికి అందరి చూపూ నా గాజుల మీద పడింది. ఆగస్టు 6న రిజర్వ్ బ్యాంకు, బంగారం విలువలో 75 శాతం దాకా ఇచ్చే అప్పుని 90 శాతం దాకా ఇవ్వొచ్చంది. దేశం కష్టంలో ఉంటే ఆడవాళ్ళ పెట్టెలు ఎలా తెరుచుకుంటాయో ఆ ఒక్క ఉత్తర్వు చాలు చెప్పడానికి. ఇస్తానన్నాను, కానీ ముందు అన్ని లెక్కలూ నా ముందు పెట్టమన్నాను.

పోస్టాఫీసు పాస్‌బుక్కు, లోను కాగితం, కాలేజీ ఫీజు రసీదు మొదటిసారి ఒకే చాప మీదికొచ్చాయి. కొడుకు జీతం ఎంత తగ్గిందో మామయ్యగారికి అప్పటిదాకా తెలీదు. తండ్రి వడ్డీ ఎంత తగ్గిందో మావారికీ తెలీదు. పరువని ఒకరు, బాధపెట్టడం ఎందుకని ఇంకొకరు దాచుకున్నారు. లెక్క తెలిశాక డబ్బేం పెరగలేదు, దెప్పుళ్ళు తగ్గాయి. సెప్టెంబరు నుంచి వాయిదాలు కట్టడానికి నాలుగు గాజుల్లో రెండే బ్యాంకుకి వెళ్ళాయి. ఫోను తాతయ్యే కొన్నారు.

మీ ఇంట్లో ఆ లెక్కలు ఎవరి దగ్గరున్నాయి? ఇంకో కష్టం వచ్చేదాకా ఆగకుండా, ఓసారి అందరూ కూర్చుని చూసుకోండి. బంగారం అడిగే ముందు మనకీ లెక్క చెప్పాలి కదా!