మెదడు వాకిట మందు

1885లో జర్మను పండితుడు పాల్ ఎర్లిష్ జంతువుల రక్తములోనికి రంగు నెక్కించి చూడగా, అవయవము లన్నియు రంగుపట్టినను మెదడు మాత్రము అంటనట్లే మిగిలెను; 1913లో ఎడ్విన్ గోల్డ్‌మన్ అట్టి రంగునే మస్తిష్కద్రవములోనికి నేరుగా ఎక్కింపగా, ఈసారి మెదడే రంగుపట్టి తక్కిన దేహము పట్టకపోయెను. రక్తమునకును మెదడునకును నడుమ ప్రాకారమొకటి కలదని ఇట్లు తేటపడెను. దానిని బ్రద్దలుకొట్ట నక్కఱలేదు, మందును ఆవలిప్రక్కకు చేర్చిన చాలునను ఊహకు కూడ బీజము, నా మట్టుకు నాకు, అక్కడనే కనబడును.

ఆ ఊహ గట్టిగా అక్కఱకు వచ్చినది మన తెలుగువాని మందు విషయమున. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిను, 1947–48లో బోస్టనులో సిడ్నీ ఫార్బరు చేతిమీదుగా, రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు కొన్నాళ్లపాటు ఊరట నిచ్చెను; కాని దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు రక్తమున రోగము నణచినను, ప్రాకారము చాటున దాగిన రోగకణములు మరల తలయెత్తుచుండెడివి. వెన్నులో సూది గ్రుచ్చి మందు పెట్టుట ఉన్నదే గాని, పసివానిని మోకాళ్లు ముడిచి పట్టుకొని మాటిమాటికి పొడుచుట కఠినము. అట్లు పెట్టిన మందు పైనున్న మెదడు గదులకు సరిగా ఎక్కదు కూడ.

1963లో, అమెరికాలో పనిచేయుచుండిన పాకిస్తానీ శస్త్రవైద్యుడు అయూబ్ ఒమ్మయా ఒక చిన్న సిలికోను బుడిపెను లోకమునకు చూపెను. అది తలచర్మము క్రింద నుండును; దాని అడుగునుండి సన్నని గొట్టము పుఱ్ఱె రంధ్రము గుండా మెదడు గదిలోనికి దిగును. వైద్యుడు బుడిపెలోనికి సన్నసూది గ్రుచ్చి, కొంత ద్రవమును తీసి, ఇంచుమించు అంతే కొలతలో మందు పెట్టి, వ్రేలితో నొక్కి వదలును. సూది తీసినంతనే సిలికోను తనంతట మూసికొనును. తలలో నీరు చేరిన తన కుమారునికై 1956లో కవాటము చేసిన జాన్ హోల్టరు అను యంత్రపు పనివాడు సిలికోనుతో దారి చూపకున్నచో ఇది ఇంత సులువుగ సమకూడెడిది కాదేమో.

ద్రవములోని మందు కణజాలమున లోతుగా ఇంకదు. అందుచేత 1994లో ఎడ్వర్డు ఓల్డ్‌ఫీల్డు బృందము, గొట్టమును కణజాలముననే నిలిపి, పంపుతో మైక్రోలీటర్ల కొలదిగ నెట్టు పద్ధతిని ప్రకటించెను. మందు గొట్టము వెంబడి వెనుకకు పాఱకుండ మొనను మెట్టుగ సన్నబఱచుట తరువాతి నేర్పు.

అరకు, పాడేరు కొండలలో వెనుకటినుండి భయపెట్టిన మెదడు మలేరియాకు ఇవేవియు అక్కఱలేదు: ఆ క్రిమి సన్నని రక్తనాళముల లోపలి గోడలనే అంటియుండును గనుక, నరమున ఎక్కించిన ఆర్టిసునేటు దానిని అక్కడనే పట్టును. కాని తలలో ఆ బుడిపెతో ఘాటు రోడ్డెక్కి ఏజెన్సీ గ్రామమునకు తిరిగి చేరిన పిల్లవానికి జ్వరము తగిలినప్పుడు, మన్యమున అలవాటైనట్లు మలేరియా పరీక్షతోనే సరిపెట్టుకొనరాదు. బుడిపెకు చీము పట్టిన జ్వరము కూడ అట్లే మొదలగును గనుక, వానిని విశాఖపట్టణమునకు దింపి, ఆ ద్రవమును తీయించి పరీక్షింపవలెను.