గుఱ్ఱపుపందెము: గెలుపు నెవరు చెప్పగలరు?



గ్రామములందలి పెద్దలు రేడియో చుట్టును గూర్చుండి వినుచుండగా గుఱ్ఱపుపందెములను గూర్చి ప్రసంగించుట కొంత సాహసమే. మన యూళ్లలో ఎడ్లచేత బండ లాగించుట గలదు, సంక్రాంతికి కోడిపందెము గలదు. గుఱ్ఱపుపందెము మాత్రము పట్టణవాసులది. నేనును పల్లెటూరి బడిలో ముప్పదిరెండేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడనే గాని గుఱ్ఱ మెక్కినవాడను గాను. పందెపు మైదానమును నా జీవితములో రెండుమారులు మాత్రమే చూచితిని. అయినను ఈ విషయమును నేను కోరి తీసికొంటిని. కారణము చివర మనవి చేసెదను.

పందెమునకు ముందు పందెపు పుస్తకము వెలువడును. పరుగెత్తబోవు గుఱ్ఱముల పేరులు, వాని తల్లిదండ్రుల పేరులు, వయస్సు, వీపున మోయవలసిన బరువు, ఎక్కబోవు జాకీ పేరు, వెనుకటి పరుగులలో ఎన్నవదిగా వచ్చినదో ఆ వివరము, ఇన్నియు అందు అచ్చుపడి యుండును. ఈ పందెమున ఇది గెలుచును, దీని వెనుక ఇది వచ్చును అను జోస్యమును గూడ నిపుణు లనబడువారు చెప్పుచుందురు. ఈ జోస్యము శాస్త్రమా, జూదమా అనునదే నేటి ప్రశ్న.

భారతము తెఱచినంతనే ఆదిపర్వమున ఒక గుఱ్ఱమును గూర్చిన పందెము మనకు ఎదురగును. ఉచ్చైశ్శ్రవము దేహమంతయు తెలుపని వినతయు, తోక మాత్రము నలుపని కద్రువయు పందెము వేసికొనిరి. ఓడినవారు గెలిచినవారికి దాసి కావలెను. కన్నులతో చూచి చెప్పినది వినత. గెలిచినది కద్రువ. ఆమె కొడుకులలో కర్కోటకుడు తల్లి మాట మన్నించి ఆ తోకను పట్టి వ్రేలాడి నల్లగా జేసెను. నిజము నెఱిగినంత మాత్రమున పందెము గెలుచుట లేదని మన పెద్దలు ఆదిలోనే గుర్తించిరి.

ఆ కర్కోటకుడే మరల అరణ్యపర్వమున నలోపాఖ్యానములో కనబడును. అతని కాటుచేత నలుడు రూపు మాఱి బాహుకుడై ఋతుపర్ణునికడ సారథిగా కుదిరెను. ఒక్క దినములో విదర్భకు చేరవలెనని రాజు త్వరపెట్టగా బాహుకుడు అశ్వశాలకు బోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. రాజు కోపించెను. బాహుకుడు వాని సుడులను జూపి, ఇవియే చేర్చును, తమకు వేఱుగా తోచినచో సెలవిండనెను. రథము కదలెను. జారిపోయిన ఉత్తరీయమును తీసికొందమని రాజు అనునంతలో అది యోజనము వెనుకబడెను. తరువాత తాండ్రచెట్టొకటి కనబడగా ఋతుపర్ణుడు దాని ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పెను. నలుడు బండి నిలిపి ఎంచి చూచి ఆశ్చర్యపడెను. ఒకరి విద్య నొకరికి ఇచ్చికొనిరి. నలుడు ఇచ్చినది అశ్వహృదయము, పుచ్చుకొన్నది అక్షహృదయము.

ఈ ఘట్టమును నేను పిల్లలకు ఎన్నియో మారులు చెప్పితిని గాని దాని లోతు నాకు ఏబదేండ్లు దాటిన పిమ్మట గాని తెలియలేదు. గుఱ్ఱపు మనస్సు నెఱిగినవారిలో నలునికి సాటి లేడు. ఆ నలుడే జూదములో రాజ్యమును పోగొట్టుకొనెను. గుఱ్ఱము నెఱుగుట యొకటి, పందెపు లెక్క నెఱుగుట యొకటి. రెండును ఒక్కనియందు సహజముగా నుండవనియే కదా వ్యాసుడు వానిని ఇద్దరికి పంచినది!

మొదటి విద్య మన దేశమున మిక్కిలి పెరిగినది. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము వెలసెను. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును వ్రాసెను. ఎద్దును కొనునపుడు మీరు సుడులు చూచుట, నోరు తెఱచి పళ్లు చూచుట ఆ విద్య యొక్క పల్లెటూరి రూపమే. రెండవ విద్యకు మాత్రము మనవారు శాస్త్రగౌరవము నీయలేదు.

ఇక అచ్చుపుస్తకమును జూచి పందెము చెప్పు పద్ధతి ఎక్కడ ప్రబలెనో ఆ దేశమునకు పోదము. అది ఇంగ్లండు. 1764వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన సూర్యగ్రహణము పట్టిన దినమున కంబర్లండు ప్రభువు అశ్వశాలలో ఒక గుఱ్ఱపుపిల్ల పుట్టెను. దానికి గ్రహణ మనియే పేరు పెట్టిరి, ఇంగ్లీషున ఎక్లిప్సు. గ్రహణ శిశువును గూర్చి మన మేమందుమో మీకు దెలియును! మఱుసటి సంవత్సరమే ప్రభువు మరణించెను. గుఱ్ఱము వైల్డ్‌మను అను పశువుల వ్యాపారికి చిక్కెను. అతడు దానికి అయిదేండ్లు నిండువరకు పందెమునకు దింపలేదు.

పందెమునకు ముందు దానిని రహస్యముగా పరుగెత్తించి చూచిరట. పందెగాండ్రు ఆ పరుగును చూచుటకు గూఢచారులను పంపిరి, వారు ఆలస్యముగా చేరిరి. త్రోవలో కనబడిన ఒక ముసలమ్మ నడుగగా, తెల్లకాలి గుఱ్ఱమొకటి పారిపోవుచుండగా వెనుక నొకటి తరుముచుండెననియు, ఆ వెనుకటిది లోకము చివరవరకు పరుగెత్తినను ముందరిదానిని అందుకొనజాలదనియు చెప్పెనని ఆ దేశమున కథ గలదు. నిజమో, తరువాత అల్లినదో గాని, ఆమె చెప్పినంత చక్కని జోస్యము ఏ పుస్తకములోను అచ్చుపడి యుండదు.

1769 మే 3వ తేదీన లండనుకు సమీపమున నున్న ఎప్సములో పందెము. ఎక్లిప్సుకు ఎదురు నాలుగు గుఱ్ఱములు. నాటి పద్ధతిలో నాలుగేసి మైళ్ల పరుగులు ఒకటికంటె ఎక్కువ జరుగుచుండెను. మొదటి పరుగు ఎక్లిప్సు సులభముగా గెలిచెను. రెండవదానికి ముందు డెన్నిస్ ఓకెల్లీ అను ఐర్లండువాడు లేచి, ఈ అయిదు గుఱ్ఱములును ఏ వరుసలో వచ్చునో అంతయు చెప్పెదనని పందెము కాచెను. నవ్వినవారు నవ్విరి. అప్పుడతడు, ఎక్లిప్సు మొదటిది, తక్కినవి ఎక్కడను లేవు అని చెప్పెను. ఇది ప్రగల్భము గాదు, నిబంధన నెఱిగినవాని మాట. గెలిచిన గుఱ్ఱము గమ్యము చేరునప్పటికి 240 గజములకు మించి వెనుకబడినదానికి స్థానమే లేదని నాటి నియమము. నాలుగింటికిని స్థానము దక్కలేదు. ఓకెల్లీ గెలిచెను.

ఆ గుఱ్ఱము పదునెనిమిది పందెములలో ఒక్కటియు నోడలేదు. 1770 తరువాత దానికి ఎదురు నిలుపువారు లేక విశ్రాంతి నిచ్చిరి. 1789లో అది చావగా సాన్‌బెల్ అను ఫ్రెంచి పశువైద్యుడు దాని దేహమును కోసి, ఎముకల పొడవును, వాని కోణములను కొలిచి గ్రంథము వ్రాసెను. గుండె 14 పౌనులు తూగెనట. మనవారు పైన సుడులలో వెదకినదానిని అతడు లోపల ఎముకలలో వెదకెను. నేడు లోకమున పరుగెత్తు మేలుజాతి పందెపు గుఱ్ఱములలో మిక్కిలి పెద్ద భాగమునకు ఎక్లిప్సే మగవంశమున మూలపురుషుడు.

ఓకెల్లీ గెలుపునకు కారణము నలుని విద్యయు ఋతుపర్ణుని విద్యయు ఒక్కనికడ ఉండుట. అంతకంటె ముఖ్యముగా, ఆ దినమున తక్కినవారికి తనకు తెలిసినంత తెలియకుండుట. ఆ స్థితి ఎక్కువకాలము నిలువలేదు. 1773 మొదలు వెదర్‌బీ అను నతడు పందెముల ఫలితములను ఏటేట అచ్చువేయించెను; 1791లో గుఱ్ఱముల వంశావళి అచ్చయ్యెను. ఒకనికి తెలిసినది అందఱికి తెలిసెను.

మోసము చేయువారును బయలుదేరిరి. 1844లో ఎప్సము డెర్బీ పందెమున మూడేండ్ల గుఱ్ఱములే పరుగెత్తవలసియుండగా రన్నింగ్ రీను అను పేరిట నాలుగేండ్ల గుఱ్ఱమును దింపి గెలిపించిరి. వివాదము న్యాయస్థానమునకు పోగా న్యాయాధిపతి ఆల్డర్సను, ఇన్ని సాక్ష్యము లేల, గుఱ్ఱమును తెండు, నోరు చూతము అని యడిగెను. గుఱ్ఱము మాయమయ్యెను! బహుమానము రెండవదిగా వచ్చిన ఒర్లాండోకు దక్కెను. మన సంతలో ఎడ్లబేరగాడు మొదటనే చేయు పనిని ఆ మహాసభలో చివర చేయబోయిరి.

ఇంతకంటె విచిత్రమైనది బరువుల ఏర్పాటు. మేలైన గుఱ్ఱము వీపున ఎక్కువ సీసము, హీనమైనదానిపై తక్కువ సీసము వేసి అన్నిటిని సమానము చేయుటకు యత్నించుట. 1855 మొదలు రౌస్ అను నౌకాసేనాని ఇంగ్లండున ఈ పని జేసి ప్రసిద్ధి కెక్కెను. మన దేశపు పందెములలోను అనేకము ఈ పద్ధతివే. యోచింపుడు: ఏది మేలైన గుఱ్ఱమో మనము కష్టపడి తెలిసికొందుము, బరువులు నిర్ణయించువాడు మనకంటె ముందే తెలిసికొని, ఆ మేలును సీసముతో తూచి తీసివేసియే యుండును. అన్నియు ఒక్క గీతమీద ఒక్కమారు గమ్యము చేరవలెననియే అతని కోరిక.

తరువాతిది డబ్బు లెక్క. 1867 ప్రాంతమున పారిసులో ఒల్లేరు అను నతడు, కాచినవారి సొమ్మంతయు ఒక్కచో పోగుచేసి, కొంత తీసికొని, మిగిలినది గెలిచినవారికి పంచు పద్ధతిని కనిపెట్టెను. ఉదాహరణమునకు నూఱు రూపాయలు పోగైనవనుకొనుడు; పన్నులకు, ఖర్చులకు ఇరువది పోయినవనుకొనుడు. అందఱు మెచ్చిన గుఱ్ఱముమీద అఱువది రూపాయలు కాచిరి. అది గెలిచినచో ఎనుబదిని అఱువదికి పంచగా రూపాయికి ఒక రూపాయి ముప్పదిమూడు పైసలు వచ్చును. అనగా ఇట్టివి నాలుగు కాచి మూడు గెలిచినచో అసలు మాత్రము దక్కును. జోస్యము ఎంత సరియైనదో, అది పదిమందికి తెలిసినకొలది దాని ఫల మంత తఱుగును.

మన ప్రాంతమునకు వత్తము. చెన్నపురి గిండీ మైదానమున పందెములు 1777లోనే మొదలైనవి. హైదరాబాదున 1868లో మౌలాలి యొద్ద ప్రారంభమై, 1886లో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున మలకుపేటకు మాఱినవి. తమిళనాడు ప్రభుత్వము 1974లో పందెము కాయుటను నిషేధించుచు శాసనము చేయగా, 1996 జనవరి 12వ తేదీన సుప్రీముకోర్టు, గుఱ్ఱపుపందెములో నేర్పే ప్రధానము, ఇది కేవలము అదృష్టముమీది జూదము గాదు అని తీర్పు చెప్పెను.

ఆ తీర్పు వచ్చిన పత్రికను నాకు చేతికిచ్చి చూపినవాడు మా బడిలో లెక్కలు చెప్పెడి మిత్రుడు. 1992లో ఒక దినమున అతడు పందెపు పుస్తకమును నా ముందు పెట్టి, "పంతులుగారూ, నక్షత్రములు మీ చేతిలోనివే గదా, ఈ ఎనిమిదింటిలో ఒకటి చెప్పుడు" అనెను. మఱునాడు స్వాతీనక్షత్రము. ఒక గుఱ్ఱము పేరు రో అను అక్షరముతో మొదలగుచుండెను. స్వాతి మూడవపాదమున కది తగును. పరిహాసమునకు దానిపై వ్రేలు పెట్టితిని. అది గెలిచెను. ఏబది రూపాయలకు అయిదువందలు వచ్చెను. అతడు నాకు ధోవతి పెట్టబోగా పుచ్చుకొంటిని. ఇది నేను దాచదలచుకొనలేదు.

తరువాత నేను చెప్పిన మూడును ఓడినవి. అతడు నన్ను వదలి పుస్తకములను పట్టెను. అతనికి బుద్ధికి తక్కువ లేదు. మూడేండ్లలో మూడింట నొకటి సరిగా చెప్పగలిగెను. అది సామాన్యమైన నేర్పు గాదు. ఆ నేర్పుతోనే రెండెకరముల మాగాణి అమ్మెను. పత్రిక చూపుచు, "చూడుడు, ఇది విద్యయే అని పెద్ద కోర్టు చెప్పినది" అనెను. న్యాయమూర్తులు చెప్పినది సరియే, ఆ విద్య కలదు. అది రూపాయికి ముప్పదిమూడు పైసలు తెచ్చు విద్య యని నేను చెప్పవలసియుండెను. ఆ లెక్క నాకు అప్పుడు రాదు. అతనికి వచ్చును, వేసి చూడలేదు.

ఉద్యోగము విరమించిన నాడు అతడు తన నోటుపుస్తకమును నాకు ఇచ్చిపోయెను. నాలుగేండ్ల పందెములు అందున్నవి. ప్రతి పుటయు క్రింద మొత్తము వేసి యున్నది, ఒక్క కూడికయు తప్పు లేదు. మొదటి పుటలో నేను చెప్పిన గుఱ్ఱము పేరు క్రింద ఎఱ్ఱసిరాతో రెండు గీతలు గీసి యుండెను.