పాపికొండల లోయ: వరదతో బతికిన పల్లెల చరిత్ర

కూనవరం దగ్గర శబరిని కలుపుకున్న గోదావరి తూర్పు కనుమలను చీల్చుకుంటూ పోలవరం వైపు సాగుతుంది. ఎగువన కిలోమీటరుకు పైగా పరుచుకునే నది పాపికొండల మధ్య రెండు మూడు వందల మీటర్లకు ఒదిగిపోతుంది. ఎగువ రాష్ట్రాల వాన నీరంతా ఈ ఇరుకులోంచే పోవాలి. వరద పెరిగితే నీరు వెనక్కి ఎగదన్నుతుంది. శబరికి దారి దొరకదు. కూనవరం, వరరామచంద్రాపురం పల్లెలు మునుగుతాయి.

ఇక్కడి బతుకు ఈ ఇరుకును బట్టే రూపుదిద్దుకుంది. ఏటి ఒడ్డున కోయలు, కొండవాలున కొండరెడ్లు ఊళ్లు కట్టుకున్నారు. కొండరెడ్లు పోడు కొట్టి జొన్న, సామ, కంది పండించారు. గింజలు అడుగంటిన నెలల్లో జీలుగు కల్లు, మామిడి టెంకల జావ వారి ప్రాణం నిలిపాయి. వరద తీశాక మిగిలే ఒండ్రు నేలలో మిరప, పొగాకు పండాయి. వెదురు, చింతపండు సంతకు చేరాలన్నా, రోగి ఆసుపత్రికి చేరాలన్నా పడవే దిక్కు.

19వ శతాబ్దంలో అడవి మీద సర్కారు చేయి పడింది. కల్లు మీద వేసిన చిగురు పన్ను, రంప మన్సబుదారు వసూళ్లు 1879లో రంప తిరుగుబాటును రగిల్చాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుపై ఆంక్షలు బిగిశాయి. నైజాం వైపు కొండరెడ్ల మధ్య 1940ల తొలినాళ్లలో గడిపిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్, అటవీ కాంట్రాక్టర్ల చేతుల్లో వారు పడిన దోపిడీని 1945లో వెలువడిన గ్రంథంలో నమోదు చేశాడు.

లోయ జనం కదలకున్నా వారి చిరునామా మారుతూ వచ్చింది. తూర్పు గోదావరిలోని భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. సర్కారు మారినా వరద మారలేదు. భద్రాచలం వద్ద 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. రెండుసార్లూ లోయ జనం గుట్టలెక్కి తలదాచుకున్నారు. నీరు తీశాక బురద ఎత్తిపోసి మళ్లీ ఇళ్లలోకి వెళ్లారు.

ఇప్పుడు రాబోయే నీరు తీసేది కాదు. 2014లో జాతీయ ప్రాజెక్టు హోదా పొందిన పోలవరం పనుల్లో భాగంగా 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. జలాశయం 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నిండితే లోయ పల్లెలు శాశ్వతంగా నీట మునుగుతాయి. డెల్టా పొలాలకు, నగరాలకు నీళ్లు కావాలన్నది నిజం. ఆ నీటికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం ఈ లోయ. పక్కా ఇల్లు ఇస్తే సరిపోదు. అడవి, ఏరు, ఒండ్రు నేల కలిసి ఇచ్చిన తిండికి సాటివచ్చే సాగుభూమి కావాలి.

సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. చివరి కుటుంబానికి భూమి అందేదాకా ఆ మాటకు కట్టుబడి ఉండటం ప్రభుత్వాల విధి. ఆ నీటితో పంట పండించుకునే మనమంతా అడగవలసిన మాట కూడా అదే.