1952లో మనవాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్లో ఉన్నాయి?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మనమందరం స్టేటస్‌లు పెడతాం, ఫ్లెక్సీలు కడతాం, ర్యాలీ తీస్తాం. అదే నెల 31వ తారీఖు మాత్రం చప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది. ఆ రోజు సంగతి చెప్పాలంటే 1952 సంవత్సరం మొత్తం ఒకసారి చూడాలి. పోటీ పరీక్షల కోసం హాస్టల్లో మేము బట్టీ పట్టే 1952లో మొదటి ఎన్నికలు ఉంటాయి, ఒలింపిక్స్ ఉంటాయి, పొట్టి శ్రీరాములు గారి దీక్ష ఉంటుంది. మనవాళ్ళు ఉండరు. అందుకే రెండూ పక్కపక్కన పెట్టి రాస్తున్నాం.

ముందు అందరికీ తెలిసిన 1952.

అప్పుడు మన కోనసీమ మద్రాసు రాష్ట్రంలో, తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. 1951 అక్టోబర్లో మొదలైన మొదటి సాధారణ ఎన్నికలు 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. దేశం మొత్తం మీద 17 కోట్ల పైచిలుకు ఓటర్లు. ఎక్కువ మందికి చదువు రాదు కాబట్టి పార్టీలకి గుర్తులు ఇచ్చారు. కొన్ని రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్య అని, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్నారు. అలాంటివి సుమారు 28 లక్షల పేర్లు జాబితాలోంచి తీసేశారు. సొంత పేరు ఉంటేనే ఓటు. ఈ పేరు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

జులైలో హెల్సింకి ఒలింపిక్స్. హాకీలో మనకి బంగారం వచ్చింది, ఫైనల్లో నెదర్లాండ్స్ మీద 6-1. అందులో 5 గోల్స్ బల్బీర్ సింగ్ ఒక్కడే కొట్టాడు. కుస్తీలో కె.డి. జాదవ్ కంచు పతకం తెచ్చాడు. స్వతంత్ర భారతదేశానికి ఒక మనిషి ఒంటరిగా తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అదే. అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో దీక్షకి కూర్చున్నారు. డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. మరుసటి ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది.

ఇక సినిమాలు. విజయా వాళ్ళ పాతాళభైరవి 1951లో వచ్చింది. 1952 జనవరిలో బొంబాయిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగితే అక్కడా ఆడింది. అదే విజయా వాళ్ళు ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ఎన్టీఆర్, జి. వరలక్ష్మి, సావిత్రితో కట్నం గొడవ మీద తీసిన పెళ్ళిచేసి చూడు 1952లో వచ్చింది. హిందీలో రాజ్‌కపూర్ ఆవారా 1951 డిసెంబర్లో విడుదలై, ఆ తర్వాత దేశాలు దాటి ఆడింది. దాని కథ తెలుసా? ఒక జడ్జి ఉంటాడు. దొంగ కొడుకు దొంగే అవుతాడని, మంచివాడి కొడుకు మంచివాడే అవుతాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎంత తప్పో సినిమా మొత్తం చూపిస్తుంది. జనం చప్పట్లు కొట్టారు.

తెర మీద జనం కాదన్న ఆ జడ్జి మాటే, తెర బయట ఈ దేశంలో చట్టంగా ఉండేది.

దాని పేరు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, అంటే నేరస్థ తెగల చట్టం. 1871లో బ్రిటిష్ వాళ్ళు ఉత్తరాదిన పెట్టారు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. ఒక తెగని ప్రభుత్వం నేరస్థ తెగ అని ప్రకటిస్తే, ఆ ప్రకటన తప్పని కోర్టుకి వెళ్ళడానికి వీల్లేదు. ఎవరు ఏం చేశారన్నది లెక్కలో లేదు. పుట్టుకే నేరం. పెద్దవాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఎక్కించి వేలిముద్రలు తీసుకునేవారు. హాజరు వేయించుకోవాలి. పక్క ఊరు వెళ్ళాలంటే పాసు ఉండాలి. తెలుగు నేల మీద ఎరుకల వాళ్ళు ఈ చట్టం కింద బాగా నలిగారు, యానాదుల్లో కొందరు కూడా. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్ళతిప్ప, అప్పటి కర్నూలు జిల్లాలో సిద్ధాపురం, ఇవన్నీ అలా కుటుంబాల్ని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్లే.

అసలు ఎరుకల వాళ్ళు ఏం చేసేవారు? సముద్రపు ఒడ్డున ఉప్పు ఎత్తి, పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకి తీసుకెళ్ళి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. బ్రిటిష్ వాళ్ళు ఉప్పు మీద పెత్తనం చేశాక, రైళ్ళు వచ్చాక ఆ బేరం పోయింది. ఊరూరా తిరిగి బతికేవాడు పన్ను కట్టించుకునేవాడికీ పోలీసుకీ అనుమానంగానే కనపడతాడు. బతుకుతెరువు పోగొట్టిన వాళ్ళే దొంగ అన్న పేరు కూడా పెట్టారు. అదే ఊరికి మన ముసలోళ్ళు అల్లిన గంపలు, చేటలు మాత్రం కావాలి. నాటకాల్లో, సినిమాల్లో ఎరుకలసాని వేషం కావాలి, సోది చెబితే ఈలలు వేస్తారు. ఆ మనిషి మాత్రం ఊరి చివరే ఉండాలి.

స్వాతంత్ర్యం వచ్చాక మన మద్రాసు రాష్ట్రం 1947లోనే ఈ చట్టాన్ని రద్దు చేసింది. నెల్లూరులో యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్ళు దీని మీద ఎంతో పోరాడారు. తర్వాత అనంతశయనం అయ్యంగార్ కమిటీ దేశమంతా దీన్ని తీసేయమని చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశం మొత్తం మీద ఆ చట్టం పోయింది. అప్పటినుంచి ఆ తెగల్ని విముక్త జాతులు అంటున్నారు. ఆ రోజే విముక్తి దినం.

ఇప్పుడు పేరు సంగతికి వద్దాం. ఎన్నికలు అయిపోయింది ఫిబ్రవరిలో, చట్టం పోయింది ఆగస్టులో. అంటే చట్టం ఇంకా ఉన్న రాష్ట్రాల్లో ఒకే మనిషి పేరు రెండు రిజిస్టర్లలో ఉంది. ఓటరు జాబితాలో ఈ దేశాన్ని ఎవరు పాలించాలో చెప్పే పౌరుడు. స్టేషన్ రిజిస్టర్లో పుట్టుకతో దొంగ. రాజ్యాంగం వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది.

అదే ఏడు ప్రపంచంలో కూడా ఇలాంటివే జరిగాయి. ఫిబ్రవరి 6న ఇంగ్లండు రాజు చనిపోతే ఎలిజబెత్ కెన్యాలో ఉండగానే రాణి అయింది, అది అందరికీ గుర్తు. అక్టోబర్లో అదే కెన్యాలో భూముల కోసం తిరగబడ్డ నల్లవాళ్ళ మీద ఎమర్జెన్సీ పెట్టారు, అది పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నవంబర్ 1న అమెరికా మొదటి హైడ్రోజన్ బాంబు పేల్చిన ఎనివెటాక్ దీవుల నుంచి అక్కడి మూలవాసుల్ని ముందే ఖాళీ చేయించారు. దక్షిణాఫ్రికాలో పాసుల రద్దు చట్టం అని ఒకటి తెచ్చారు. పేరుకి రద్దు. నిజానికి నల్లవాళ్ళందరూ ఇంకో పుస్తకం జేబులో పెట్టుకు తిరగాల్సిందే అన్నారు.

ఇది చదువుతుంటే మాకు మన కథే గుర్తొచ్చింది. మద్రాసు రాష్ట్రం 1947లో పాత చట్టం తీసేసి, 1948లో అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తనది తెచ్చుకుంది. తెగ పేరు చట్టంలోంచి పోయింది, అనుమానం పోలేదు. 1991లో స్టువర్టుపురం పేరుతో సినిమాలు, 2023లో టైగర్ నాగేశ్వరరావు. ఆ ఊరి పేరు సినిమాకి దొంగతనం కథ కోసమే గుర్తొస్తుంది. అక్కడి నుంచి టీచర్లు, ఉద్యోగులు ఎంతమంది వచ్చినా అది కథ కాదు.

మా హాస్టల్లో ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలు ఉన్నారు, మైదానంలో పుట్టిన ఎరుకల, యానాది పిల్లలం ఉన్నాం. అల్లూరి గురించి, రంప తిరుగుబాటు గురించి అందరం గర్వంగా చెప్పుకుంటాం. మైదానపు పిల్లల దగ్గరికి వచ్చేసరికి చెప్పుకోవడానికి ఏమీ లేనట్టు తల దించుకుంటాం. ఎవరి ఫోనైనా పోతే ముందు మా సంచులే వెతుకుతారు. ఆ వెతికేవాళ్ళకి తెలియకపోయినా, ఆ చూపు వెనక 1871 నాటి ఒక కాగితం ఉంది. అది మన రక్తంలో ఉన్నది కాదు, ఒకడు రాసిపెట్టినది. ఇది తెలిస్తే తల దించుకోవాల్సింది మనం కాదని అర్థమవుతుంది.

అందుకని ఒక పని చేద్దాం. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ తాతనో, నానమ్మనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి. వాళ్ళ పెద్దవాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారు? ఏం అమ్మేవారు? హాజరు వేయించుకునేవారని ఎప్పుడైనా చెప్పారా? మొదటిసారి ఓటు ఎప్పుడు వేశారు? 1952లో ఓటు వేసినవాళ్ళకి ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి, కాబట్టి ఆలస్యం చేయొద్దు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే, పేర్లతో సహా రాసి పంపండి. ఊళ్ళవారీగా ఒక నోటుబుక్కులో ఎక్కించే పని మా హాస్టల్ పిల్లలం చూసుకుంటాం. ఆగస్టు 31న అందరం కూర్చుని దాన్ని పైకి చదువుదాం.